బర్మా సారు, చెరుకు బండ్లు

మొన్న నిజామాబాద్‌లో ఆటోలో పోతుంటే రైల్వే గేటు పడింది. మా ముందు ఒక ట్రాక్టరు ఆగి ఉంది, ట్రాలీ నిండా చెరుకు. ఎక్కడి చెరుకో, ఏ ఫ్యాక్టరీకి పోతోందో తెలియదు. గడల కొసలు మా ఆటో అద్దం దాకా వచ్చాయి. నేనేదో ఆలోచనలో ఉన్నాను. చూసుకునేసరికి నా చెయ్యి ఆటో బయట ఉంది, చేతిలో గడ కొస ఉంది, లాగుతున్నాను.

"మేడం, గీ వయసుల గదేం పని?" అన్నాడు ఆటో డ్రైవరు అద్దంలో చూస్తూ.

ఛీ, నా బతుకు! షుగరున్నదాన్ని, మోకాళ్ళ నొప్పులదాన్ని, పాతికేళ్ళుగా బడిలో విజిల్ ఊది పిల్లలకు క్రమశిక్షణ నేర్పుతున్న డ్రిల్లు టీచర్ని. గబుక్కున వదిలేశాను. గేటు లేచింది, ట్రాక్టరు పోయింది. ఇల్లు చేరేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ రోడ్డు మీద పెరిగినదాని చెయ్యి చెరుకు కనబడితే ఊరుకుంటుందా?

మా ఇల్లు ఆ రోడ్డు మీదే ఉండేది. సీజను మొదలైందంటే పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కోటగిరి వైపు నుంచి ఎడ్లబండ్లు ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉండేవి. చక్కెర తీయగా మిగిలిన మడ్డి వాసన ఊరంతా కమ్ముకునేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. మాకైతే ఆ వాసన లేని రోజు జొన్నరొట్టె కూడా రుచించేది కాదు. చిమ్నీలోంచి నల్లటి నుసి వచ్చి ఆరేసిన బట్టల మీద పడేది. మేము అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. మా అవ్వ రోజూ ఆ బట్టలు దులుపుతూ ఫ్యాక్టరీని తిట్టేది. ఆ తర్వాత వంతు బాపుది, ఎందుకంటే ఆయన అందులోనే సీజను కూలీ.

"మీ ఫ్యాక్టరీకి మన్నువడ! తెల్లచీర కట్టుకునే రాత లేదు నాకు."

"గా ఫ్యాక్టరీ లేకుంటె నీ గిన్నెల అన్నమేడికెల్లి వస్తదే?" అనేవాడు బాపు తాపీగా.

"నా బీడీలకెల్లి వస్తది" అనేది అవ్వ. అదీ నిజమే. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, జర్దా, దారం. వాడకట్టు ఆడవాళ్ళంతా మా ఇంటి ముందు గద్దె మీదే చేరి బీడీలు చేసేవాళ్ళు. వాళ్ళ చేతులు, నోళ్ళు ఒకే వేగంతో నడిచేవి. ఊళ్ళో ఎవరింట్లో ఏం కూర వండారో, ఏ కోడలు ఎందుకు అలిగిందో ఆ గద్దె మీద తెలియని సంగతి లేదు. నా సంగతి కూడా అక్కడే తేలిపోయింది. ఏడో తరగతి కాగానే బడి మాన్పించి, నా ఒళ్ళో కూడా ఒక చాట పెట్టాలని. "ఆడపిల్లకు ఏడు సాలదా?" అనుకున్నారు. ఆ మాట అన్నది నలుగురైనా, నిర్ణయం మా అవ్వది.

ఇక చెరుకు లాగడం సంగతి. అందులో మా వాడ పిల్లలకు ఒక పద్ధతి ఉండేది. కాలువ వంతెన దాటాక రోడ్డు దిగుడుగా ఉంటుంది. అక్కడ బరువుకు ఎద్దులు ఉరుకులు పెట్టేవి. బండాయన పగ్గాలు బిగించి పట్టుకోవాలి కాబట్టి వెనక్కి తిరిగి చూడలేడు. సరిగ్గా అప్పుడు వెనుక నుంచి ఉరికి, బండి అంచుకు చేరి, ఒక గడ పట్టుకుని గుంజాలి. ఎంత ఉరికినా సరే, చక్రం మాత్రం దాటొద్దు. దాటితే బండాయనకు మన మొహం కనబడుతుంది. మొహం చూశాడంటే ఎవరి పిల్లో తెలుసుకుంటాడు, ఫ్యాక్టరీ గేటు దగ్గర బాపు చెవిలో వేస్తాడు. "సక్రం దాటొద్దే" అని పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పేవాళ్ళు. నేనైతే ఆరేళ్ళప్పుడే నేర్చుకున్నాను. నా అంత జల్దీగా గడ లాగేవాళ్ళు మా రోడ్డు మీద లేరని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. తప్పేముంది?

బర్మా సారు మా బడికి బదిలీ మీద వచ్చింది నేను ఏడో తరగతిలో ఉన్న ఏడాదే. ఆయన పుట్టింది రంగూన్‌లో. ఆయన తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి అక్కడి రేవులో మూటలు మోయడానికి పోయినవాడు. కొడుకు పరుగు పందేల్లో పేరు తెచ్చుకున్నాడు. మనవాళ్ళు ఇక ఆ దేశంలో ఉండలేని రోజులు రాగానే అందరితో పాటు ఓడెక్కి విశాఖపట్నంలో దిగాడు. కొన్నేళ్ళు కాందిశీకుల క్యాంపులో ఉండి, తర్వాత డ్రిల్లు మాస్టరు ఉద్యోగం సంపాదించి, ఊళ్ళు తిరిగి తిరిగి మా దగ్గరికి వచ్చిపడ్డాడు. పొట్టి మనిషి, బిగుసుకున్న పిక్కలు. ఇంట్లో లుంగీ ముడి నడుము పక్కకు కాకుండా బొడ్డు మీదికి కట్టుకునేవాడు. అది చూడటానికే మేము వాళ్ళింటి చుట్టూ తిరిగేవాళ్ళం.

ఆయన భార్య బుగ్గలకు ఏదో చెక్క అరగదీసిన గంధం పూసుకునేది. పసుపు పంట నడుమ పెరిగిన మాకు అది పసుపు కాదని చూడగానే తెలిసిపోయింది. అంటే ఏదో రోగమే అని తీర్మానించాం. ఒకరోజు కిటికీలోంచి తొంగి చూస్తుంటే ఆవిడ పట్టేసుకుని, లోపలికి పిలిచి, అందరి బుగ్గలకూ అదే పూసింది. తర్వాత పళ్ళెంలో తెల్లగా, పొడుగ్గా, కొబ్బరిపాలలో మునిగి ఉన్నదేదో పెట్టింది. వానపాములే అనుకున్నాం. మా జట్టులో ఒకతి ఏడుపు కూడా మొదలుపెట్టింది. నేను కళ్ళు మూసుకుని ఒక ముద్ద మింగాను. సేమియా లాంటిది! మూడు పళ్ళేలు తిన్నాను. ఇంటికి పోతే అవ్వ నా బుగ్గలు చూసి గుండెలు బాదుకుని, బూడిదతో తోమి తోమి ఎర్రగా చేసింది.

అంతకుముందు మా బడిలో డ్రిల్లు పీరియడ్ అంటే గడ్డి పీకడమే. సారు వచ్చీ రాగానే సున్నంతో గీతలు గీయించి, ఆడపిల్లలను కూడా ఉరకమన్నాడు. ఉరుకులో అందరికన్నా నాదే వేగం. కాని ఎప్పుడూ రెండోదాన్నే! మా తరగతిలో ఒక బండపిల్ల ఉండేది, దానితో పెట్టినా రెండు. తొమ్మిదో తరగతి వాళ్ళతో పెట్టినా రెండు. ఆఖరికి ఐదో తరగతి పిల్లతో పెట్టినా రెండే వచ్చాను. సారుకు పిచ్చెక్కినంత పనైంది.

"ఏటి తల్లీ ఇది? దాని బుజం దాకా బేగి ఎల్లిపోతావు, అక్కడ ఉండిపోతావేటి? కాళ్ళు నొప్పా?"

"లే సార్."

"ఆయాసమా?"

"లే సార్."

"మరి?"

మరి ఏమిటో నాకూ తెలియదు. ముందున్నదాని భుజం దగ్గరికి రాగానే కాళ్ళు వాటంతట అవే దాని నడకలో కలిసిపోయేవి. సారు జవాబు కోసం నన్ను గట్టిగా అడగలేదు. వారం తర్వాత కాలువ వంతెన మీద సైకిలు ఆపి నిలబడ్డాడు. నేను ఆయన్ని చూడలేదు. బండి దిగుడులో పడింది, ఉరికాను, అంచుకు చేరాను, గడ గుంజాను, పక్క పొలంలోకి దూకాను. తలెత్తితే ఎదురుగా సారు.

చచ్చాననుకున్నాను. ఆయనేమో సైకిలు స్టాండు వేసి పగలబడి నవ్వుతున్నాడు.

"దొరికింది! చక్రం దాటవు, అవునా? ఇక్కడ ఆగినట్టే అక్కడా ఆగుతన్నావు. నీ కాళ్ళకి దొంగతనం తెలుసు, గెలవడం తెలీదు."

మర్నాటి నుంచి నా శిక్ష మొదలైంది. గడ లాగడం బందు. దిగుడులో బండి వెంట ఉరకాలి, ఎద్దులకు దూరంగా రోడ్డు అంచున, చక్రం దాటి, కాడి దాటి ముందుకు పోవాలి. పోయి, వెనక్కి తిరిగి, బండాయన మొహం చూసి అడగాలి. ఇస్తే తీసుకోవాలి, లేకపోతే లేదు.

అబ్బో, ఎంత కష్టమో! మొదటి రోజు నాలుగు బండ్ల వెంట ఉరికాను, నాలుగు చక్రాల దగ్గరా ఆగిపోయాను. రెండో రోజూ అంతే. మూడో రోజు కళ్ళు మూసుకున్నంత పని చేసి దాటాను. తిరిగి చూస్తే పైన తెల్లమీసాల ముసలాయన, క్యాంపు రైతు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొనుక్కున్నవాళ్ళలో ఒకడు.

"పెద్దయ్యా, ఒక్క గడియ్యవా?" అన్నాను రొప్పుతూ.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇన్నేళ్ళూ వెనకనుంచి లాక్కుపోయింది మీరేనటే? అడిగితే ఇవ్వనన్నానా?" అని రెండు గడలు విసిరాడు.

ఇక పట్టపగ్గాల్లేవు. రోజుకు పది బండ్లు. దాటడం, తిరగడం, "పెద్దయ్యా, ఒక్క గడియ్యవా?" అనడం. నెల తిరిగేసరికి బండ్లవాళ్ళంతా నా దోస్తులైపోయారు. మరాఠీ మాట్లాడే ఒకాయనైతే నేను అడగకముందే గడ తీసి పట్టుకునేవాడు. అందరికీ నా మొహం తెలిసిపోయింది కదా, ఎన్నాళ్ళు దాగుతుంది? ఫ్యాక్టరీ గేటు దగ్గర తెల్లమీసాల పెద్దయ్య బాపుతో అన్నాడట, మీ అమ్మాయి భలే పరిగెడుతోందయ్యా, రోజూ నా దగ్గర చెరుకు అడిగి పుచ్చుకుంటోంది అని. బాపు ఖుషీగా వచ్చి ఇంట్లో చెప్పాడు. పాపం, నన్ను పొగుడుతున్నాననే అనుకున్నాడు బాపు.

అవ్వ చాట పక్కన పెట్టి లేచింది. "అడుక్కుంటున్నవా నువ్వు? రోడ్డు మీద అడుక్కుంటున్నవా?"

"అందరు గుంజుతరు గదనే..."

"గుంజితె పోరగాండ్లు గుంజిండ్రంటరు. అడుక్కుంటె ఫలానోళ్ళ బిడ్డ చెయ్యి చాపిందంటరు. మన ఇజ్జత్ ఏంగావాలె?"

చూశారా మా అవ్వ న్యాయం! దొంగతనమైతే ఫరవాలేదు, అడగడం మాత్రం తప్పు. మర్నాటి నుంచి బడికి కూడా పోవద్దంది. రెండు రోజులు గద్దె మీద కూర్చుని తునికాకు కత్తిరించాను. కళ్ళలో నీళ్ళు ఆకుల మీద పడుతుంటే, "ఆకు మరీ నానవెట్టకు" అంది అవ్వ. ఆ మాటకు నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

మూడో రోజు సారు మా గద్దె ముందు సైకిలు దిగాడు. అవ్వ లేవలేదు కానీ కొంగు సర్దుకుని, "కూసోండ్రి సారూ" అంది. చేతులు మాత్రం బీడీలు చుడుతూనే ఉన్నాయి.

"అడగమన్నది నానేనమ్మా. తిట్టాలంటే నన్ను తిట్టండి" అన్నాడు సారు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. నిజామాబాద్‌లో జిల్లా ఆటల పోటీలు ఉన్నాయి. ఎనిమిది వందల మీటర్ల పరుగులో మొదటి స్థానం వచ్చిన ఆడపిల్లకు హైదరాబాద్‌లో హాస్టల్ సీటు. చదువు, తిండి, ఆట అంతా వాళ్ళదే. రెండో స్థానానికి ఏమీ లేదు.

అవ్వ దారం పళ్ళతో తెంపి నా వైపు చూసింది. "రెండో నంబరు వస్తె?"

"సీటు నేదమ్మా."

గద్దె మీద ఆడవాళ్ళంతా చేతులాపి వింటున్నారు. అవ్వ ఇంకో బీడీ చుట్టి చాటలో వేసింది. "సరే సారూ, మాటంటె మాటే. ఫస్ట్ వస్తె పంపుత. రెండో నంబరు వస్తె మాత్రం గిదే చాట. మల్ల మా ఇంటికి రావద్దు" అంది.

బస్సులో నిజామాబాద్ పోతుంటే నాకు ఒకటే భయం. సారు పక్కన కూర్చుని వేయించిన పల్లీలు ఒలిచి నా చేతిలో పెడుతూ, నా భయం మరిపించడానికే కాబోలు, రంగూన్ కబుర్లు చెప్పాడు. ఓడలో ఎక్కువ సామాను పట్టుకెళ్ళనివ్వలేదట. గెలిచిన కప్పులన్నీ పక్కింటివాళ్ళకు ఇచ్చేశాడట.

"బియ్యం కొలుసుకుంటారు గదా అని. ఇక్కడికొచ్చాక పరుగులోణ్ణంటే ఎవుడూ నమ్మనేదు. కాయితం సూపించమన్నారు. కాయితం ఎక్కడిది?"

"మరి నౌకరి ఎట్లొచ్చింది సార్?"

"కుర్రోళ్ళతో పోటీ పెట్టండి, ఓడిపోతే ఎలిపోతానన్నాను. పెట్టారు." అక్కడితో ఆపి ఇంకో పల్లీ ఒలిచాడు. గెలిచానని చెప్పనేలేదు.

గ్రౌండులో సున్నపు గీతలు, మైకు, అరటిపళ్ళ బండి. మోర్తాడ్ నుంచి వచ్చిన పిల్ల ఒకతి ఎర్ర రిబ్బన్లు కట్టుకుని నాకన్నా జానెడు ఎత్తు ఉంది. దాన్ని చూడగానే నా చాట నాకు కనబడింది. విజిల్ ఊదారు. ఒక చుట్టు తిరిగాం. రెండో చుట్టు సగంలో అందరినీ దాటి ఆ పిల్ల భుజం దగ్గరికి చేరాను. చేరాను, ఇక అంతే. కాళ్ళు దాని నడకలో కలిసిపోయాయి. నెల రోజుల కష్టం ఏమైందో! దాని రిబ్బను నా ముఖానికి తగులుతోంది, గీత దగ్గరపడుతోంది, నేను మాత్రం హాయిగా వెనకే ఉన్నాను.

"మొకం సూడు! దాని మొకం సూసి అడుగు!" అని సారు గొంతు చించుకుంటున్నాడు.

అడుగు అన్న మాట చెవిన పడింది. కాళ్ళు కదిలాయి. చక్రం దాటాను, కాడి దాటాను, అంటే ఆ పిల్లను దాటాను. దాటి ఏం చేశాననుకున్నారు? రోజూ చేసిందే! ఉరుకుతూనే తల వెనక్కి తిప్పి, దాని మొహంలోకి చూసి, "పెద్దయ్యా, ఒక్క గడియ్యవా?" అన్నాను.

ఆ పిల్ల కళ్ళు ఇంతింత చేసింది. నేను గీత దాటేశాను.

నా ఖుషీ రెండు నిమిషాలు కూడా నిలవలేదు. ఆ పిల్ల వాళ్ళ సారు వచ్చి, పరుగు నడుమ ఏదో అని మా అమ్మాయిని బెదిరించింది, ఈ ఫస్టు చెల్లదు అని గొడవ పెట్టాడు. నన్ను బల్ల ముందు నిలబెట్టారు. బల్ల వెనుక నలుగురు పెద్దమనుషులు.

"ఏమన్నవ్ నువ్వు?"

చెప్పకపోతే సీటు పోతుంది. చెబితే పదిమందిలో అడుక్కున్నానని ఒప్పుకున్నట్టు. అవ్వకు తెలిస్తే చంపుతుంది. సారు నా వీపు మీద చెయ్యి వేశాడు. "ఏటైతే అదవుద్ది. నిజం సెప్పీ తల్లీ."

"చెరుకు గడ అడిగిన సార్" అన్నాను.

అప్పుడు ఎర్ర రిబ్బన్ల పిల్ల ముందుకొచ్చింది. "ఔ సార్, గదే అడిగింది. నన్ను పెద్దయ్యా అన్నది. నాకు నవ్వాగలె. గానీ అప్పటికే నన్ను దాటింది సార్. బరాబర్ దాటింది." ఎంత మంచి పిల్ల! ఇప్పుడు ఎక్కడుందో, చల్లగా ఉండాలి. బల్ల వెనుక ఒకాయన నవ్వడం మొదలుపెట్టాడు, ఆ తర్వాత నలుగురూ నవ్వారు. ఫస్టు నాదే అని రాసేశారు.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాను. గద్దె మీద అవ్వ ఒక్కతే ఉంది. నేను కాగితం చేతికిచ్చాను. ఆమెకు చదువు రాదు. బాపు లోపల్నుంచి వచ్చి, తీసుకుని చూసి, ఒక వేలు ఎత్తి చూపించాడు.

"ఒకటేనా? మంచిగ సూడు" అంది అవ్వ.

"ఒకటే."

అవ్వ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. కనీసం చాట తీసి అవతల పెడుతుందనుకున్నాను. ఆమె నన్ను లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. జర్దా వాసన వేసే చేతులతో నా మొహం తడిమింది. "నువ్వెప్పుడు రెండోదే వస్తవని అందరు అంటుండిరి గదనే. గందుకే మాటిచ్చిన" అని ఏడ్చింది.

నాకు అప్పుడు అర్థమైంది. నన్ను ఇంట్లో ఉంచుకోవడానికే ఆమె ఆ షరతు పెట్టింది. నా రెండో నంబరును నమ్ముకుని సారుకు మాటిచ్చింది. చాట ముందు నన్ను కూర్చోబెడుతుందని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో! ఆమెకు కావలసింది నా బీడీలు కాదు, నేను. ఆ సాయంత్రం ఇద్దరం అన్నం తినలేదు. బాపు మాత్రం వాడకట్టంతా తిరిగి వేలు చూపించి వచ్చాడు.

మాట ఇచ్చింది కాబట్టి నిలబెట్టుకుంది. పది రోజుల తర్వాత పొద్దున్నే నన్ను తీసుకుని బస్టాండుకు వచ్చింది. డబ్బాలో సర్వపిండి, సంచిలో రెండు జతల బట్టలు. నన్ను హైదరాబాద్‌లో దించడానికి సారు కూడా వచ్చాడు. బస్సు వచ్చేదాకా అవ్వ నా సంచి ముడి విప్పి మళ్ళీ కడుతూనే ఉంది. నేను ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక, కింద ఇంకా నిలబడి ఉన్న సారును అడిగింది.

"సారూ, మీరు గంత దూరపు ఊరు ఇడిసి వచ్చిండ్రు గదా. ఎన్ని దినాలకు అలవాటైతది?"

సారు చెప్పులకేసి చూసుకుని, "ఇంకా అవనేదమ్మా" అన్నాడు.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుందని ఆయన ఒక్క మాట అని ఉంటే ఆమె నమ్మి ఉండేది. ఆయన అనలేదు. అవ్వ నాకు అలవాటు కావాలని అడిగిందో, తనకే కావాలని అడిగిందో నేను ఆమెను ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. సారూ లేడు. ఫ్యాక్టరీ మూతపడింది, మా రోడ్డు మీద నుసి రాలడం ఆగిపోయి చాలా ఏళ్ళైంది.

ఇన్నేళ్ళలో నేనూ ఎందరో ఆడపిల్లలను ఉరికించి ఎక్కడెక్కడి హాస్టళ్ళకో పంపాను. బస్సు కింద నిలబడి వాళ్ళ తల్లులు నన్నూ అదే అడుగుతారు, మేడం, ఎన్ని దినాలకు అలవాటైతది అని. "ఒక్క వారం" అంటాను నేను. సారంత ధైర్యం నాకు ఇంకా రాలేదు.